తరుగు

చిత్తూరు బెల్లం మండీలో
చిట్టా రాసేదాన్ని నేను.
బుట్ట దిగితే తూకం, తూకం పలికితే తరుగు.
తడికింత, మట్టికింత, మాటకింత.
రైతు ముఖం చూడకుండా కొట్టేయడం
తొమ్మిదేండ్లుగా నా చేతికి అలవాటు.

ఏడో నెల్లో గ్లూకోజు నీళ్లు తాగించి
రక్తం తీసినారు.
"కడుపుతో వచ్చే షుగరమ్మా,
కాన్పయితే పోతాది లే" అనింది నర్సు,
చుట్టాల సంగతి చెప్పినట్టు.
మండీలో హమాలీలు నవ్వినారు:
"దేవసేనా, నీకు గాలికే ఎక్కేసిందే!"
నేనూ నవ్వినాను.
ఆ దినం నుంచి వేలికంటిన బెల్లప్పొడిని
చీరకు తుడుచుకున్నానే గాని నాలిక్కి తాకనీలేదు.

ఒక నోటుపుస్తకం ఇచ్చినారు.
పరగడుపున ఒక అంకె,
తిన్న రెండు గంటలకు ఒక అంకె.
అంకెలంటే నాకు భయమా?
నూటాయాభై వచ్చిన రాత్రి
సంగటి ముద్దలో సగం తీసి పక్కన పెట్టినాను.
పై వారం ఆ సగంలో సగం.
మా ఆయనకు కూడా చెప్పలేదు.
నూటాపద్దెనిమిది, నూటాపది, తొంభై ఎనిమిది.
పుస్తకం చూసి డాక్టరమ్మ "భేష్" అనింది.

ముప్పై నాలుగో వారం.
పొట్టమీద జెల్లు, మంచుగడ్డ జారినట్టు.
పరిమళ మేడం తెరను నా వైపు తిప్పింది.
గుండె కొట్టుకుంటా ఉంది. ఉమ్మనీరు చాలినంత.
ఒక చెయ్యి విప్పి మూసింది.
"ఊపిరాడించేది ఒకటే చూడాల."
"లోపల గాలేడుంది మేడం?"
"గాలి లేదు. ఆ నీళ్లనే లాగి వదుల్తారు.
గాలి వచ్చే దినానికి ఇప్పట్నుంచే సాధకం."

పది నిమిషాలు.
బయట ఎవురి పేరో పిలిచినారు, మళ్లీ పిలిచినారు.
ఇరవై.
తెరమీద పక్కటెముకలు
ఆరబెట్టి మరిచిపోయిన దువ్వెన మాదిరి.
"పొద్దున ఏం తినింటివి?"
అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది,
చిట్టాలో అంకె లాగే నీటుగా.
ఆ దువ్వెన చూసి
నిజం చెప్పేసినాను.

మేడం తిట్టలేదు.
"నిద్రలో ఉండచ్చు లే, బిడ్డలు నిద్రపోతారు.
కానీ నిన్ను తినొద్దనలేదమ్మా ఎవురూ,
లెక్కగా తినమన్నారు. పో, తిని రా."

కాంటీన్లో రెండిడ్లీ, చెనిక్కాయల చట్నీ, ఉడకబెట్టిన గుడ్డు.
తినేటప్పుడు చెయ్యి వణికింది,
ఎవురిదో దొంగతనంగా తింటున్నట్టు.
వరండాలో ఆ కొసకు ఈ కొసకు నడిచినాను.
పిలుపొచ్చింది.

పాకం తిరిగే ముందు
పెనం నడిమిన ఒక పొంగు
మెల్లగా లేచి, కుంగి, మళ్లీ లేస్తాది చూడు,
అట్ల. రొమ్ము కింద.
"ఆగకుండా ముప్పై సెకండ్లాడాల" అనింది మేడం.
మా నాయన కళ్లంలో వడ్లు కొలిచినట్టు
లోలోపలే మొదలుపెట్టినాను:
లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు,
కొలిచేటప్పుడు ఏడు అనగూడదు, అది కన్నీళ్ల మాట,
ఆరున్నొకటి, ఎనిమిది...
పద్నాలుగు దగ్గర ఆగిపోయింది.
నాదీ ఆగింది.

మళ్లీ లాభం నుంచి.
ఇరవై దాటినాక పెదాలు బయటికే కదిలినాయి.
ముప్పై.
ముప్పైయొకటి.
మేడం చెయ్యి తియ్యలేదు, నేను లెక్క ఆపలేదు,
ఎన్నిటి దాకా పోయినానో గుర్తు లేదు.

ఆ వారమంతా కడుపుకు సరిపడా తిని
ఉన్నది ఉన్నట్టు రాసినాను.
నూటానలభై మూడు. నూటాయాభై రెండు.
డాక్టరమ్మ ఈసారి భేష్ అనలేదు,
ఇన్సులిన్ రాసింది.

సూది గుచ్చినాక పది లెక్కపెట్టి తియ్యమన్నారు.
లైటు కింద పొట్ట మడత పట్టుకుని
కండ్లు మూసుకుంటాను.
లాభం, రెండు, మూడు.